‘డంబ్’ అనే మాట వాడుకపై కొత్తపేట సభ తీర్మానం

కోనసీమలోని కొత్తపేటలో సమావేశమైన బధిరులు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, గ్రామ పెద్దల సభ, మాట రానివారినీ తెలివి తక్కువవారినీ ఒకే గాటన కట్టే ‘డంబ్’ అనే ఇంగ్లీషు మాట మన వాడుకలో తిరుగుతున్న తీరును చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది. చర్చ సైగల భాషలోను, తెలుగులోను సాగింది. రెండింటిలోను నమోదయింది.

సభ మొదట గమనించినది: ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అర్థం నోట మాట లేకపోవడం. దీని తోబుట్టువైన జర్మన్ మాట ‘డుమ్’ మాత్రం మందబుద్ధి అనే అర్థంలో స్థిరపడింది. 19వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లిన జర్మన్ల నోటి నుంచి ఆ అర్థం ఇంగ్లీషులో బలపడింది. మనవాళ్లకు ఈ మాట రెండు దారుల్లో చేరింది. దొరల కాలం నాటి కచేరీల నుంచి ‘డెఫ్ అండ్ డంబ్’ వచ్చింది. సినిమాల నుంచి, ఫోన్ల నుంచి ‘డంబ్ ఫెలో’ వచ్చింది. ఒకటి సర్టిఫికెట్ మీద, మరొకటి కాలేజీ బెంచీ మీద. రెండూ చివరికి ఒకే మనిషి నెత్తిన పడుతున్నాయి. బ్రౌన్ దొర తన నిఘంటువులో ‘మూగ’కు ఇదే ఇంగ్లీషు మాట రాసినప్పుడు అందులో తిట్టు లేదు. ఇప్పుడు అదే మాట రాస్తే తిట్టు తప్పదు.

సభ ఇది కూడా గమనించినది: డంబెల్, డమ్మీ, డంబ్ చరేడ్స్ అనే మాటలు ఈ తీర్మానం పరిధిలోకి రావు. చప్పుడు లేని గంట నుంచి వ్యాయామ సాధనానికి పేరు వచ్చింది. దానివల్ల ఎవరికీ నొప్పి లేదు. డమ్మీ అభ్యర్థిగా నామినేషన్ వేసినవాడిని మూగవాడని కోనసీమలో ఎవరూ పొరబడరు. తెలుగులో డంబాలు పలకడమంటే ఉన్నవీ లేనివీ కలిపి గొప్పలు చెప్పుకోవడమనీ, అది వేరే మాటనీ, అయినా ఈ రెండూ పక్కపక్కన చేరడం మన ఊళ్లకు తగ్గట్టే ఉందనీ ఒక సభ్యుడు అన్న మాటను ఆయన కోరిక మేరకు నమోదు చేయడమైనది.

సభ దాచకుండా ఒప్పుకుంటున్నది: ఈ తప్పు ఇంగ్లీషు నుంచి దిగుమతి అయినది మాత్రమే కాదు. ‘చెవిటి మాలోకం’ మనదే. ‘మూగమొద్దు’ మనదే. ‘జడుడు’ అనే సంస్కృత పదంలో కదలనివాడు, పలకనివాడు, తెలివిలేనివాడు ముగ్గురూ ఇరుకుగా కూర్చున్నారు. ఈ కలగాపులగాన్ని మన పురాణమే ఎత్తిచూపింది. భాగవతం పంచమ స్కంధంలో భరతుడు ఎవరితోనూ పలకకుండా తిరిగితే లోకం అతనికి జడుడని పేరు పెట్టింది. రహూగణుడనే రాజు బోయీలు చాలక అతని చేత పల్లకీ మోయించాడు, నడక సరిగా లేదని ఎగతాళి చేశాడు. తీరా అతను నోరు విప్పితే రాజు పల్లకీ దిగి కాళ్ల మీద పడవలసి వచ్చింది. ఈ కథను హరికథల్లో తరతరాలుగా విన్న ఊళ్లలోనే మాట రాని పిల్లవాడిని మొద్దు అంటున్నారు. అయితే సభ దృష్టిలో ఆ కథలోనూ ఒక లోటున్నది. భరతుడికి మర్యాద దక్కింది మాట్లాడిన తర్వాతే.

సభ చింతిస్తున్నది: ఈ కలగాపులగం వట్టి మాటల్లో ఆగలేదు, ఆస్తుల దాకా పోయింది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం వాటా దక్కనివారి జాబితాలో బధిరుణ్ణి, జడుణ్ణి, మూగవాణ్ణి ఒక్క వరుసలో నిలబెట్టి, వారికి తిండీ బట్టా చూస్తే చాలునన్నది. 1928లో వచ్చిన చట్టం, పుట్టుకతోనే మతిలేనివారిని మినహాయించి, శరీర లోపాన్ని సాకుగా చూపి ఎవరికీ వారసత్వం ఎగ్గొట్టరాదని చెప్పింది. అంటే మాట లేకపోవడం వేరు, మతి లేకపోవడం వేరని ఆ చట్టం గీత గీసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఆ మిగిలిన మినహాయింపును కూడా తీసేసింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, కొబ్బరితోటలు పంచుకునేటప్పుడు ‘వాడికేం తెలుసు, వేలిముద్ర వేయించండి’ అనే మాట నేటికీ వినపడుతున్నది. కాగితంలో ఏముందో సైగలతో చెప్పకుండా వేయించిన వేలిముద్రను ఈ సభ సమ్మతిగా చూడదు.

సభ గమనించినది: మూగవారని మనం పిలిచేవారిలో ఎక్కువమందికి గొంతులో ఏ లోపమూ లేదు. చెవికి మాట అందకపోవడం వల్ల నోటికి మాట రాలేదు, అంతే. 2011 జనగణన వినికిడినీ మాటనూ వేర్వేరుగా లెక్కపెట్టింది. దేశంలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50.7 లక్షలు, మాట లోపం ఉన్నవారు సుమారు 20 లక్షలు. ‘డెఫ్ అండ్ డంబ్’ అని జంటగా పలకడానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అనుబంధం కూడా బధిరులు, వినికిడి తక్కువ ఉన్నవారు, మాట–భాషా వైకల్యం ఉన్నవారు అని విడదీసే రాసింది. మేనరికాల వల్ల పుట్టు చెవుడు ముప్పు పెరుగుతుందని తెలిసి కూడా మన ప్రాంతం ఆ సంగతిని పెళ్లిచూపుల దగ్గర ఎత్తదు. పిల్లవాడికి రెండేళ్లు దాటినా మాట రాకపోతే ‘మా వంశంలో మాటలు ఆలస్యం’ అని సరిపెట్టుకుంటారు. ఆ మాట చెప్పుకుంటూ గడిపిన నెలలే పిల్లవాడికి చాలా విలువైనవి.

సభ గుర్తిస్తున్నది: న్యాయస్థానం ఈ విషయంలో ఊరికంటే ముందున్నది. 1872 సాక్ష్య చట్టం 119వ సెక్షన్, శీర్షికలో ‘డంబ్’ అనే మాట పెట్టుకుని కూడా, సైగలతోనో రాతతోనో చెప్పిన దానిని నోటి సాక్ష్యంగానే లెక్కించాలన్నది. 2013 సవరణతో ఆ శీర్షిక మారి, మాటలతో తెలియజెప్పలేని సాక్షి అయింది. దుబాసీ సాయం, వీడియో చిత్రీకరణ వచ్చి చేరాయి. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ పాత మాట లేదు. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సైగల దుబాసీ సాయంతో సుప్రీంకోర్టు ముందు హాజరయ్యారు. సుప్రీంకోర్టులో సైగ చెల్లింది. ఊరి రచ్చబండ దగ్గర చెల్లకపోవడానికి సభకు కారణం కనిపించలేదు.

సభ చింతిస్తున్నది: ఊళ్లో మాట రాని మనిషికి పేరు మిగలడం లేదు. ఆధార్ కార్డు మీద ఒక పేరుంటుంది. వీధిలో మాత్రం ‘మూగోడు’, ‘మూగమ్మ’. కొబ్బరి వలుపు పనికి కూలీలను పెట్టే ఒక మేస్త్రీ లెక్కల పుస్తకంలోని పేజీని సభ ముందుంచారు. అందులో పదకొండు మంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, రాసి ఉన్నాయి. పన్నెండో గీత మీద ‘మూగోడు’ అని రాసి, పక్కన ఒక రోజు కూలీ వేశారు. ఆ మనిషి సభలోనే ఉన్నారు. ఆయన సంతకం చేయగలరు. బధిరులు తమలో తాము సైగ పేర్లు పెట్టుకుంటారనీ, గడ్డం మీది పుట్టుమచ్చో, కళ్లజోడో, ఉంగరం తిప్పే అలవాటో ఆ పేరవుతుందనీ, పేరు లేని మనిషి వారిలో ఉండరనీ సభ నమోదు చేస్తున్నది.

సభ గమనించినది: బడిలో ఈ మాట రెండో అర్థంతో ఎక్కువ నష్టం చేస్తున్నది. నత్తి ఉన్న పిల్లవాడు, బిడియపడే పిల్ల, ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే జవాబు తెలుగులో మాత్రమే తెలిసినవాడు, ముగ్గురూ నిలబడి మౌనంగా ఉంటారు. ముగ్గురికీ ఒకటే పేరు పడుతున్నది. తరగతి ముందు నిలబెట్టి ‘డంబ్‌లా నిలబడ్డావేం’ అని అడిగితే జవాబు చెప్పే పిల్లలు ఎవరూ ఉండరు. ‘మొద్దు’ అని తిట్టడానికి సంకోచించే చదువుకున్నవారు కూడా ఇంగ్లీషు మాటను తేలిగ్గా వాడుతున్నారు. పరాయి భాషలో తిడితే తిట్టు కాదనే భ్రమ ఇందుకు కారణమని సభ అభిప్రాయం.

సభ గౌరవంతో తలచుకుంటున్నది: వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి, బుద్ధిపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచారు. చిన్నప్పుడు ఊరివాళ్లు ఆమెను ఏమని పిలిచారో పత్రికల్లో వచ్చింది, ఇక్కడ మళ్లీ రాయనవసరం లేదు. కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రీన్ 2022 డెఫ్‌లింపిక్స్ టెన్నిస్‌లో పతకం సాధించారు. అయితే మర్యాద దక్కడానికి పతకం తేవాలనే షరతును ఈ సభ అంగీకరించదు. తీర్థంలో జీళ్లు కొనుక్కునే పిల్లకు కూడా అదే మర్యాద దక్కాలి.

సభ గుర్తు చేస్తున్నది: తీర్మానాలు మేలే చేస్తాయని లేదు. 1880లో మిలాన్ నగరంలో బధిరుల చదువు మీద జరిగిన మహాసభ, బడుల్లో సైగలు మాని నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ చెవులు వినపడేవారే. పిల్లల చేతులు కట్టేసిన ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం ప్రకటించడానికి 2010 వాంకూవర్ మహాసభ దాకా 130 ఏళ్లు పట్టింది. అందుచేత ఈ తీర్మానంలో బధిర సభ్యులలో ఎక్కువమంది అడ్డు చెప్పిన ఏ వాక్యాన్నీ ఉంచలేదని నమోదు చేయడమైనది.

సభ తన వైఖరిని ఇలా తెలియజేస్తున్నది: ‘దివ్యాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’ అనే ప్రభుత్వ పదాలను కాగితాల్లో సభ అడ్డుకోదు, తనకు తానుగా వాడదు. వాటిలో మర్యాద ఉన్నది, సంగతి లేదు. ఎవరికి ఏ సాయం కావాలో ఆ పదాలు చెప్పవు. ‘బధిరులు’ అనే పదం చాలు. చెవి వినపడి మాట మాత్రం రానివారిని ‘మాట రానివారు’ అనవచ్చు. ‘మూగ’ అనే తెలుగు మాటను నిషేధించాలన్న ప్రతిపాదన వీగిపోయింది. మూగమనసులు, మూగవేదన, మూగజీవాలు, మూగబోయిన వీణ తెలుగువారి సొత్తు. మనిషి పేరుకు బదులుగా ఆ మాటను వాడడమే తప్పు.

సభ సినిమా గురించి క్లుప్తంగా చెబుతున్నది: 1986లో వచ్చిన ‘సిరివెన్నెల’లో మాట రాని చిత్రకారిణిని చూసి ఎవరూ నవ్వలేదు. గోదావరి పల్లె కథగా 2018లో వచ్చిన, మన మట్టపర్రులో పుట్టిన సుకుమార్ తీసిన ‘రంగస్థలం’లో చెవి సరిగా వినపడని కథానాయకుణ్ణి ఊరు ‘సౌండ్ ఇంజనీర్’ అంటుంది, అతను దానిని దర్జాగా మోస్తాడు. ఆ హాస్యానికి సభలో అభిమానులు ఉన్నారు, వ్యతిరేకులూ ఉన్నారు, ఏకాభిప్రాయం లేదు. వైకల్యాన్ని నవ్వులాట చేయడానికీ, వైకల్యంతో బతికే మనిషిలోని హాస్యాన్ని చూపడానికీ తేడా ఉందని 2024 జూలైలో సుప్రీంకోర్టు నిపుణ్ మల్హోత్రా కేసులో చెప్పిన మాట సభకు సమ్మతం.

సభ అన్నింటికంటే గంభీరంగా గమనించినది: గౌతమి, వశిష్ట పాయల నడుమ బతికే ఈ సీమలో మాట వినపడకపోవడం ప్రాణాల మీదికి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. 1986 ఆగస్టు వరదను చూసినవారు, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహాన్ని చూసినవారు సభలో ఉన్నారు. ఈ హెచ్చరికలు లంకలకు ఎక్కువగా చేరేది ఆటోకు కట్టిన మైకులో, గుడి మైకులో, సెల్‌ఫోన్ పిలుపులో. మూడూ చెవి కోసమే. ఇంట్లో అందరూ బధిరులైతే ఆ ఇంటికి హెచ్చరిక లేనట్టే. వరద ముంచుకొస్తే కరెంటు తీసేస్తారు. చీకట్లో సైగలు కూడా కనపడవు. పక్కింటివారు వచ్చి తలుపు బాదితే లోపల ఉన్నవారికి తెలియదు. ‘పిలిచాం, పలకలేదు’ అని తర్వాత చెప్పుకునే మాట ఇలాంటి ఇళ్ల విషయంలో చెల్లదు.

సభ తీర్మానించినది: ఈ సభ పుస్తకాల్లో, నోటీసుల్లో, ఆహ్వానాల్లో ఏ మనిషి గురించీ ‘డంబ్’ అనే మాట, ఏ అర్థంలోనూ, రాయరాదు. పాత మినిట్స్ పుస్తకాల్లో ఉన్నదానిని కొట్టివేయరాదు. ఎలా రాశామో రాబోయేవారికి తెలియాలి.

సభ తీర్మానించినది: సభ్యులలో కూలీలను పెట్టుకునేవారు, దుకాణదారులు, మేస్త్రీలు తమ లెక్కల్లో ప్రతి మనిషికీ సొంత పేరు రాయాలి. పని హాజరు నోటితో పిలిచే చోట, పేరు రాసిన పలక చూపించి పిలవాలి. పైన చెప్పిన పేజీని రాసిన మేస్త్రీ సభలోనే ఆ గీతను సరిచేశారు.

సభ కోరుతున్నది: వరద కాలానికి ముందే ప్రతి గ్రామ సచివాలయం తన పరిధిలోని బధిర కుటుంబాల జాబితా తయారుచేసి, ఒక్కో ఇంటికి ఒక పొరుగువారిని బాధ్యులుగా రాసుకోవాలి. ఆ పొరుగువారి దగ్గర టార్చిలైటు ఉండాలి, కిటికీలోంచి వెలుగు వేసి లేపే పద్ధతి ముందుగానే ఇంటివారితో అనుకొని ఉండాలి. హెచ్చరికలు ఫోన్ పిలుపుగానే కాక తెలుగు సందేశంగా కూడా రావాలి. పడవ ఎక్కించేటప్పుడు, పునరావాస కేంద్రంలో, భోజనాల వేళ, నోటితో పిలిచి ఊరుకోకుండా రాసిన పలక పెట్టాలి. పెద్దగా ఖర్చు లేని పనులు గనుక నిధుల ప్రస్తావన తేవలసిన పని లేదు.

సభ కోరుతున్నది: సంక్రాంతి ప్రభల తీర్థంలో తప్పిపోయిన పిల్లల కోసం మైకులో ‘మూగపిల్ల దొరికింది’ అని చెప్పడం మానాలి. బధిర పిల్లల మెడలో పేరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండేలా తల్లిదండ్రులు చూడాలి. ఈ రెండో మాటకు తల్లులే పట్టుబట్టారు.

సభ కోరుతున్నది: బడుల్లో ప్రతి ఉపాధ్యాయుడు కనీసం పేరు, నీళ్లు, నొప్పి, అర్థమైందా, మళ్లీ చెప్పు అనే వాటికి సైగలు నేర్చుకోవాలి. భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా విడుదల చేసింది. పీఎం ఈ–విద్యలో 31వ చానల్ సైగల భాష కోసమే నడుస్తున్నది. సరంజామా లేదనే సాకు ఇక చెల్లదు. నాయకుల విగ్రహాలకు చేయెత్తి వేలు చూపే భంగిమను మలిచే శిల్పులున్న ఈ ఊరికి చేతి భాష కొత్త కాదు.

సభ కోరుతున్నది: 2027 జనగణనకు వచ్చే గణకులు వినికిడి, మాట అనే రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి. ఇంటి పెద్దను కాక ఆ మనిషినే అడగాలి.

సభ నిర్ణయించినది: పదిమంది ముందు వికలాంగులను కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు ఉన్నదని అందరికీ తెలిసేలా నోటీసు పెట్టాలి. అయితే నోరు జారిన ప్రతి మాటకూ ఫిర్యాదు పెట్టే ఉద్దేశం సభకు లేదు. మొదటిసారి సరిదిద్దాలి. ఆస్తి రాయించుకోవడానికో, కూలీ ఎగ్గొట్టడానికో ఆ మాటను అడ్డం పెట్టుకున్నవారి విషయంలో మాత్రం మొదటిసారి కూడా ఉపేక్షించరాదు.

సభ నమోదు చేస్తున్నది: ‘మూగ’ అనే మాటను కూడా వదిలేయాలని ఇద్దరు బధిర యువకులు తమ అసమ్మతి తెలియజేశారు. దానిని యథాతథంగా దీనికి జతపరచడమైనది. వచ్చే సభలో మళ్లీ చర్చకు రావాలి.

సభ తీర్మానించినది: ఈ తీర్మానం ప్రతులను మండల విద్యాశాఖకు, రెవెన్యూ డివిజన్ కార్యాలయానికి, కొత్తపేట నియోజకవర్గంలోని నాలుగు మండలాల సచివాలయాలకు పంపాలి. దీనిని సైగల భాషలో వీడియోగా తీసి బధిర కుటుంబాలకు ముందుగా అందజేయాలి. తెలుగు ప్రతికీ సైగల ప్రతికీ ఎక్కడైనా తేడా వస్తే సైగల ప్రతినే ప్రమాణంగా తీసుకోవాలి.